పొట్టలో చుక్క

కోదాడలో ఒక ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఈ ఇరవై ఏళ్లలో నేను సాధించిందల్లా ఒక్కటే, పిల్లలచేత "థ" పొట్టలో చుక్క పెట్టించడం. చుక్క మరిచిపోతే అర్థం కాస్తా అర్ధం అయిపోతుంది, అంటే సగమే మిగులుతుందని చెప్పి చెప్పి గొంతు అరిగింది. పిల్లలు చాటున నన్ను చుక్కల మేడం అంటారని తెలుసు. ఈ ఉద్యోగంలో అంతకంటే మంచి బిరుదు రాదని సర్దుకుపోయాను.

పాఠాలతో పాటు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు కూడా నా నెత్తినే పడింది. "తెలుగు టీచర్ గద, మాటలు ఆమె దగ్గర్నే ఉంటయ్" అన్నారు మా కరస్పాండెంట్ సార్. బడి ఆయనదే, ఊరు సూర్యాపేట. రోజూ పొద్దున్నే ఒక అప్‌డేట్ పెట్టాలి. గులాబీ పువ్వు, శుభోదయం, బస్సు ఆలస్యం, రేపు యూనిఫాం తప్పనిసరి. దాని కింద వరసగా దండాలు, బొటనవేళ్లు. చదివినవాళ్లు ఎందరో దేవుడికే తెలియాలి.

ఆ మధ్య సార్ మిర్యాలగూడలో కృత్రిమ మేధ మీద ఒక పూట శిక్షణకు వెళ్లారు. పొద్దున మామూలు మనిషిగా బయలుదేరి, అక్కడ భోజనం చేసి మేధావిగా తిరిగొచ్చారు. మమ్మల్నందరినీ స్టాఫ్ రూములో కూర్చోబెట్టారు.

"పిల్లలందరు ఫోన్ల రాయించుకొస్తున్నరమ్మా. మిషన్ రాసిందేదో, పిల్ల రాసిందేదో ఎట్ల పట్టాలె? నేను కనిపెట్టిన. మనిషన్నంక తప్పు రాస్తడు. మిషన్ రాయదు. తప్పు లేదంటే అది మిషన్ రాసిందే. ఇగ ఖతం."

ఏదో అనబోయి నోరు తెరిచాను. అంతలో టీ వచ్చింది. తాగి ఊరుకున్నాను.

అప్పుడే సూర్యాపేటలో జిల్లా వ్యాసరచన పోటీ వచ్చింది. అంశం "చదువులో కృత్రిమ మేధ". బడికి ఒక్క వ్యాసమే పంపాలి. సార్ పక్కన నిలబడి చెబుతుంటే గ్రూపులో నేనే టైపు చేశాను: "ఒక్క తప్పు కూడా లేని వ్యాసాలు స్వీకరించబడవు. ఇట్లు, యాజమాన్యం." ఇరవై ఏళ్లు తప్పులు దిద్దిన వేలితోనే పంపాను. కింద ఎప్పటిలాగే దండాలు.

మూడో రోజుకు వ్యాసాలొచ్చాయి. పన్నెండు "నేటి ఆధునిక యుగంలో" అని మొదలయ్యాయి. వాటిలో ఆరింట్లో "ప్రపంచం"లో సున్నా ఎగిరిపోయింది. ఆరింట్లోనూ రెండో పేరా మూడో వరుసలోనే ఎగిరింది. ఒకణ్ని నిలదీస్తే దాపరికం లేకుండా చెప్పాడు.

"పది తప్పులు పెట్టి రాయమని అడిగినం మేడం. అదే పెట్టింది."

సార్ మాత్రం ఆ కాగితాలు చూసి మురిసిపోయారు. "సూడమ్మా, ఎంత సహజంగున్నయో!"

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె మేళ్లచెరువు నుంచి బడి బస్సులో వస్తుంది. తండ్రి సిమెంటు లారీ నడుపుతాడు. పోటీ సంగతి చెప్పిన రోజునుంచీ సూర్యాపేట ఎప్పుడు మేడం అని అడుగుతూనే ఉంది. ఆ పిల్ల ఇలా రాసింది: "మా అమ్మకు చదువు రాదు. దవాఖాన చీటీ చూపిస్తే ఫోను చదివి అర్థం చెబుతుంది. అది సరిగ్గా చదివిందో లేదో చూడటానికి ఇంట్లో ఒక విద్యార్థి ఉండాలి. ఆ విద్యార్థిని నేనే." చదివి కాసేపు కాగితం కింద పెట్టలేకపోయాను. అక్షరం పొల్లుపోలేదు, చుక్కలన్నీ వాటి వాటి చోట ఉన్నాయి.

సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి పక్కన పడేశారు. "ఒక్క తప్పు లేదు. మిషనే."

"నేను నేర్పిన పిల్ల సార్."

"రూల్ రూలేనమ్మా. గ్రూపుల పెట్టినం గద."

మర్నాడు గ్రూపులో ఆ పిల్ల తల్లి గొంతు వినిపించింది. "నమస్తే సార్. మా పాప తప్పులు రాయలేదని తీసుకోలేదంట గదా. రాయకపోవటం తప్పేనా సార్? నాకు సదువు రాదు. తప్పేందో సెప్తే దిద్దుకుంటది."

అలవాటు కొద్దీ దాని కింద కూడా పదిహేను మంది దండాలు పెట్టారు. ఒకాయన పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాడు. పావుగంటలో సార్ గ్రూపుకు తాళం వేయించారు. ఇక అడ్మిన్లు తప్ప ఎవరూ నోరెత్తలేరు. ఆ తాళం వేసిందీ నేనే.

ఆ వ్యాసం సూర్యాపేట వెళ్లి తీరాలి అనుకున్నాను. దానికి సార్‌తో గొడవ పడాలి, లేదా ఆ పిల్లతో తప్పులు రాయించాలి. నేను తేలికైనదే ఎంచుకున్నాను. భోజనాల గంటలో పిలిచి, "రెండు మూడు తప్పులు పెట్టి మళ్లీ రాయి తల్లీ" అన్నాను.

"ఎక్కడ పెట్టాలి మేడం?"

"నీ ఇష్టం."

చివరి బెంచీ మీద కూర్చుని మొత్తం తిరగరాసి తెచ్చింది. అంతా ముత్యాల్లాంటి రాతే. అర్థం అని రాయాల్సిన మూడు చోట్లా అర్ధం, విద్యార్థి అని ఉండాల్సిన రెండు చోట్లా విద్యార్ధి.

"చుక్కలు తీసేశాను మేడం. సరిపోతయా?"

సరిపోతాయన్నాను. ఆ పిల్ల ముఖంలోకి చూడటానికి సిగ్గేసింది.

సార్ సంతోషంగా సంతకం పెట్టారు. వ్యాసం సూర్యాపేట వెళ్లింది, పది రోజులకు తిరిగొచ్చింది. ఐదు ఎర్ర సున్నాల కింద న్యాయనిర్ణేత ఎర్ర సిరాతో రాశారు: "భావం బాగుంది. థ, ధ తేడా తెలియని విద్యార్ధి. ఎంపిక కాలేదు." పోటీలో పాల్గొన్నందుకు మా బడికి మేమే అభినందనలు చెప్పుకునే అప్‌డేట్ సార్ అప్పుడే రాయించడం మొదలుపెట్టారు. సగంలో వదిలేసి ఆ పిల్లను వరండాలోకి పిలిచాను. కాగితం చేతికిచ్చి, "తప్పు నీది కాదు, నాది" అన్నాను.

ఆ పిల్ల నా చేతిలో ఎర్ర పెన్ను తీసుకుని, కాగితం గోడకు ఆనించి, ఐదు చోట్లా చుక్కలు పెట్టింది. తర్వాత కిందికి వచ్చి న్యాయనిర్ణేత రాసిన వాక్యం నిదానంగా చదివింది. అందులోని "విద్యార్ధి" పొట్టలో ఆరో చుక్క పెట్టి, పెన్ను నాకిచ్చి క్లాసుకు వెళ్లిపోయింది.