అన్న కిడ్నీ

అన్న ఇచ్చిన కిడ్నీతో బతికాను. ఆ కిడ్నీతోనే నాకు టీబీ వచ్చింది. టీబీ గోలీలకు మూత్రం ఎర్రగా వచ్చినప్పుడల్లా అన్న మీద ఒళ్లు మండుతుంది. పెళ్లికి ముందు ఆయనకూ టీబీ వచ్చింది, మందులు మధ్యలోనే మానేశాడు. ఆపరేషన్‌కు ముందు డాక్టర్ అడిగితే, పక్కన వదిన ఉందని, ఏ జబ్బూ రాలేదన్నాడు.

మొన్న తార్నాక నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి ఇద్దరం వాకింగ్‌కు వెళ్లినప్పుడు నిలదీశాను.

"డాక్టర్‌కు అబద్ధం ఎందుకు చెప్పినవన్నా?"

అన్న నడక ఆపాడు.

"మీ వదినకు తెలుస్తదని చెప్పలే. మరి నువ్వెందుకు చెప్పలే? అప్పుడు నాకు హాస్టల్‌కు గోలీలు తెచ్చిచ్చింది నువ్వే గదరా. డాక్టర్ అడిగిననాడు నా పక్కనే కూసున్నవు. కిడ్నీ రాదనే గదా నోరు మూసుకున్నవ్?"

అప్పటి నుంచి ఆయన మొహం చూడబుద్ధి కావడం లేదు.