అందేటట్టు కట్టిన తాడు

మా మరిది పోయాడని చెప్పడానికి ఊళ్ళో పక్కింటి రైతు మొదటి బస్సుకే కర్నూలు వచ్చాడు. గడప బయటే నిలబడి కండువాతో ముఖం తుడుచుకుంటూ ఉంటే నాకు తెలిసిపోయింది. రాళ్ళ దుమ్ము మింగిన ఆ దగ్గు నాలుగు నెలలుగా ఆయనను మంచం దిగనివ్వలేదు. నిన్న మిట్టమధ్యాహ్నం లేచి కూర్చున్నాడట. కాళ్ళు కింద పెట్టి "వస్తాండానమ్మా" అన్నాడట. అంతే. ఇంట్లో అప్పుడు ఆడవాళ్ళెవరూ లేరు, ఎవరితో అన్నాడో తెలియలేదని ఆ రైతు చెప్పాడు. మా ఆయన "తమ్ముడా" అని ఏడుస్తూ కూలబడ్డాడు. నేను వచ్చిన మనిషికి చెంబుతో నీళ్ళిచ్చి గోడకు ఆనుకున్నాను. ఎవరితో అన్నాడో నాకు తెలుసు.

మాది ఓర్వకల్లు దగ్గర ఊరు. నేను కాపురానికి వచ్చినప్పుడు మా మరిదికి ఇరవై దాటి ఉంటాయి. ఎక్కడ నలుగురు నవ్వుతున్నా మధ్యలో ఆయనే. చెక్కభజనలో ముందు వరస ఆయనది. బీడీ నోట్లోంచి దిగేది కాదు. మా ఇంటి అరుగు బండ మీద పులిజూదం గీతలు చెక్కి పెట్టుకుని, పొద్దున కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. ఈ మనిషికి పనంటే ఏమిటో ఎవరైనా చెప్పారా అని నేను మా ఆయనను ఎగతాళిగా అడిగేదాన్ని.

తర్వాత కరువు వచ్చింది. మా అత్త కడవ ఎత్తుకుని వంక దాకా పోయి, ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీళ్ళు చిప్పతో కడవకు ఎత్తేది. ఒకరోజు తిరిగి వస్తూ రాళ్ళ మీద పడింది. కడవ పగిలింది, ముందుపళ్ళు రెండు పోయాయి. రక్తం కారే నోటితోనే నవ్వుతూ ఇంటికి వచ్చింది. మేమూ నవ్వాం. మా మరిది నవ్వలేదు. మరుసటి పొద్దున ఉలి, సమ్మెట తీసుకుని అరుగు మీది గీతలను కొట్టి చెరిపేశాడు. బీడీల కట్ట నా పొయ్యిలో వేశాడు. భజన చెక్కలు తెచ్చి నా చేతిలో పెట్టి, నీళ్ళు పడ్డాక అడుగుతాను, అంతదాకా దాచమన్నాడు. ఆ రోజే మా రాతిచేను మూలలో బావికి ముగ్గు పోశాడు.

"శానా పనులు నిలిపితే గానీ ఒక పని నడవదు వదినా" అని ఆ రోజుల్లో తరచు అనేవాడు.

పగలంతా ఒక్కడే తవ్వేవాడు. మా ఆయన కరువు పనిలో కంకర కొట్టి వచ్చాక, పొద్దు గూకేవేళ మేమిద్దరం గంపలతో రాళ్ళు పైకి లాగేవాళ్ళం. మా మరిది అన్నీ మానుకున్నాడు గానీ ఊరు ఆయనను మానలేదు. దారిన పోయే ప్రతి మనిషీ వంగి చూసి, ఏమప్పా, నీళ్ళు పడినాయా అని అడిగేవాడు. పలికితే ఆ మనిషి అక్కడే కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ దింపేవాడు. అందరికంటే ఎక్కువ పిలిచేది మా అత్తే. మేక కట్టు తెంచుకుందని, చుట్టాలొచ్చారని రోజుకు నాలుగుసార్లు చేనికి పోయేది.

చివరికి బావి చుట్టూ తుమ్మకంప వేశాడు. ఎవరు పిలిచినా పలకనని ఊరంతా చెప్పేశాడు. బావి మీద వేసిన దూలానికి మేక గంట ఒకటి కట్టి, దాని తాడు కంప సందులో ఎవరికీ కనపడకుండా ఎత్తుగా కట్టాడు. నన్ను తీసుకుపోయి చూపించాడు. నిజంగా అవసరమైతే ఆ గంట కొట్టాలి. కొడితే వెంటనే పైకి వస్తాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పవద్దు, అమ్మకు మాత్రం నిదానంగా, అర్థమయ్యేటట్టు చెప్పమన్నాడు.

నేను చెప్పలేదు. మరచిపోలేదు, కావాలనే చెప్పలేదు. చెబితే మా అత్త మేక దగ్గినా గంట కొడుతుందని, ఇక ఆ బావి తవ్వకం ఎప్పటికీ తెగదని అనుకున్నాను. ఆయన పనికి నేనే కాపలా అన్నట్టు నాకు లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ ఎండాకాలం ఒకరోజు నేను కొర్రలు దంచుతున్నాను. గుండెల్లో మంటగా ఉంది, చిన్నోణ్ణి పిలుచుకు రమ్మని మా అత్త అడిగింది. పొద్దు గూకితే తానే వస్తాడు కదత్తా అన్నాను. రోకలి ఆపలేదు. ఆమె కాసేపు కూర్చుని, కట్టె పట్టుకుని తానే పోయింది. తిరిగి వచ్చి, పలకలేదమ్మే అని ఒక మాట అని, కుండలో అడుగున ఉన్న నీళ్ళు తాగి పడుకుంది. దంచడం అయ్యాక గంజి తీసుకుపోయి లేపితే లేవలేదు.

నేను చేనికి పరుగెత్తి గంట కొట్టాను. ఆ గంట మోగడం అదే మొదటిసారి. ఒళ్ళంతా దుమ్ముతో మా మరిది, బావి గోడకు చెక్కుకున్న మెట్లెక్కి వచ్చాడు.

"ఏం వదినా, అమ్మ మళ్ళా పంపిందా?" అన్నాడు. "ఇందాక మూడుసార్లు పిల్చింది. గంట కొట్టలేదు గదా అని ఊరకుండినా."

నా ముఖం చూసి ఆయనే ఇంటికి పరుగెత్తాడు.

కర్మ అయిన మరుసటి రోజు ఆయన ఒక్కడే కంప అంతా పీకేశాడు. చేతులు రక్తాలు కారుతుంటే పసుపు పెట్టబోయాను. చెయ్యి ఇవ్వకుండా నా వైపు చూశాడు.

"గంట సంగతి అమ్మకు చెప్పినావు గదా వదినా?"

"చెప్పినా" అన్నాను.

"అట్లయితే తాడు అందలేదేమో. పొట్టి మనిషి. నేనే ఎత్తుగా కడితిని."

ఆ తాడును దారి పక్కకు తెచ్చి, మోకాలి ఎత్తున అందేటట్టు కట్టాడు. ఇక చూడండి, గొర్రెల వాళ్ళు కొట్టారు, సంతకు పోయేవాళ్ళు కొట్టారు, పనీపాటా లేనివాళ్ళు సరదాకు కొట్టారు. ప్రతిసారీ లోపలి నుంచి "ఆఁ, వస్తాండా" అని పలికి, సమ్మెట దించి, మెట్లన్నీ ఎక్కి వచ్చేవాడు. ఎవరినీ విసుక్కోలేదు. ఇట్లా అయితే నీళ్ళు పడినట్టే అని నేను కోప్పడ్డాను. పిలిచినవాళ్ళకు పలకాలి కదా అన్నాడు. ఒక్క ఏడాదిలో తెగవలసిన బావికి మూడేళ్ళు పట్టింది.

నీళ్ళు పడిన రోజు ఊరంతా వచ్చింది. నేను చెక్కలు తుడిచి తీసుకుపోయాను. ఆయన వాటిని చూసి, ఉండనీ వదినా అన్నాడు. గంట మాత్రం తీయలేదు. పెళ్ళి మాట ఎత్తితే లేచి బావి దగ్గరికి పోయేవాడు.

తర్వాత మా ఆయనకు కర్నూలులో బంట్రోతు పని దొరికి మేము వచ్చేశాం. మా మరిది పండగలకు వచ్చేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆఁ అని తల తిప్పి వాకిలి వైపు చూసేవాడు. సమ్మెట దెబ్బలకు చెవుల్లో హోరు అని మా ఆయన నవ్వేవాడు. నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. పోయినసారి వచ్చినప్పుడు విస్తరి ముందు కూర్చుని, అమ్మ ఆ పొద్దు తాడు కోసం ఎంతసేపు చేతులు చాపిందో వదినా అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నేను మజ్జిగ పోశాను.

ఆయన నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. తల్లి నీళ్ళకు పోయి పడితే నవ్వకుండా బావి తవ్విన మనిషి. ఆ నీళ్ళు ఈ రోజుకూ ఊరు తాగుతోంది. ఆయన మంచితనం మీకు చెప్పాలనే ఇదంతా రాయడం మొదలుపెట్టాను. నా అబద్ధం చెప్పకుండా అది చెప్పడం కుదరలేదు.

ఆయన పోయిన మూడోనాడు ఊళ్ళో ఆ బావి దగ్గరికి పోయాను. ఆడవాళ్ళు నీళ్ళు చేదుకుంటున్నారు. తాడు అక్కడే ఉంది, పట్టుకున్న చోట చేతుల జిడ్డుకు నల్లబడి ఉంది. దాన్ని అందుకోవడానికి నేను వంగాల్సి వచ్చింది.

"ఆయమ్మకు నేను చెప్పలేదు నాయనా" అని తాడు లాగాను.

గంట మోగింది. నీళ్ళు చేదేవాళ్ళంతా చేతులాపి, అలవాటు చొప్పున మెట్ల వైపు చూశారు. నేనూ చూశాను.