తుండుగుడ్డ కింద మాట

కళ్యాణదుర్గం పశువుల సంతలో మాబాషా బేరం కుదిర్చాడంటే ఇక తిరుగులేదు. ఎద్దుల దళారీ ఆయన. ధర నోటితో చెప్పే అలవాటే లేదు. భుజం మీది తుండుగుడ్డ చేతుల మీద కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని చెప్పేవాడు. అమ్మే రైతు మనసులోది, కొనేవాడి మనసులోది ఆ గుడ్డ దాటి బయటికి వచ్చేది కాదు. ఆయన బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచింది.

సంత పక్క హోటల్లో ఫోను పెట్టాక కూడా ఆ అలవాటు పోలేదు. తల మీదా రిసీవరు మీదా తుండుగుడ్డ కప్పుకుని మాట్లాడేవాడు. టీ తాగేవాళ్ళు పగలబడి నవ్వేవారు. "నవ్వండప్పా! గుడ్డ కింద మాట గుడ్డ కిందే ఉండాల" అనేవాడు. పిచ్చి మాబాషా! అవతలి కొనకు గుడ్డ ఎవరు కప్పుతారు?

ఆ కొనలో ఉన్నది రాయదుర్గం పశువుల వ్యాపారి దివాకర్. మాబాషా స్నేహితుడి కొడుకు. పళ్ళు చూసి ఎద్దు వయసు చెప్పడం మాబాషాయే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఎనభై అయిదు కరువులో దివాకర్ కన్ను ఈరప్ప అనే రైతు జోడెద్దుల మీద పడింది. ఈరప్ప ధర దిగడం లేదు.

"ఎందుకు మామా వానికి అంత బింకం? నాకు నిజం చెప్పు" అని దివాకర్ ఫోన్లో మాబాషాను బుజ్జగించాడు.

మాబాషా మనసు కరిగింది. "వాని ఇంట్లో గడ్డిపోచ లేదురా. నాలుగు దినాలు ఆగితే ఎంతకైనా ఇచ్చేస్తాడు. నువ్వట్ల చేయొద్దు నాయనా. బిడ్డల్లెక్క సాకినాడు, అడిగినంత ఇయ్యి."

"అట్లే మామా" అన్నాడు దివాకర్. అని, పక్కన తిరుగుతున్న టేప్‌రికార్డరు ఆపాడు.

ఆ తర్వాతి సంతలో ఈరప్పకు ఆ టేపు వినిపించాడు. 'ఎంతకైనా ఇచ్చేస్తాడు' దాకా వినిపించి, టక్కున ఆపేశాడు దొంగ. వాడన్న ధరకే ఈరప్ప ఎద్దుల పలుపుతాళ్ళు వాడి చేతిలో పెట్టేశాడు.

సంగతి తెలిసి మాబాషా ప్లీడరు రామదాసు దగ్గరికి పరుగెత్తాడు. "నాకు చెప్పకుండా నా మాట పట్టుకునేది నేరం కాదా వకీల్ సాబ్?"

"ఆయన ఫోను, ఆయన టేపు. దొంగచాటుగా పట్టినా, గొంతు నీదే అయితే కోర్టు వింటాదప్పా. పట్టినందుకు శిక్ష వేయించే సెక్షన్ నాకు కనపడలేదు."

"సగమే వినిపించినాడు సామీ!"

"మిగతా సగం అన్నావని సాక్షి ఎవరుండారు?"

ఏ సాక్షీ లేకుండానే జన్మంతా మాట నిలబెట్టుకున్న మనిషి! పెంచిన చేతులే కాలాయి. నమ్మినవాడే గొంతు కోశాడు.

వానలు పడ్డాక ఈరప్ప ఎద్దు కొనడానికి సంతకు వచ్చాడు. మాబాషా ఎదురుపోయి, చెయ్యి చాచి దాని మీద తుండుగుడ్డ కప్పాడు. ఈరప్ప తన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఏమన్నా ఉంటే గట్టిగా చెప్పు మాబాషన్నా. అందరూ విననీ."

సంతంతా చూస్తోంది. గుడ్డ కింద మాబాషా చెయ్యి ఒక్కటే ఉండిపోయింది.