మబ్బులో ఒకసారి, మబ్బు మీద ఒకసారి

కొండ ఎక్కితే ఆకాశానికి దగ్గరవుతామని నేను నమ్మాను. చదువుకున్నవాణ్ణే. అయినా మెట్లెక్కితే మేడ వచ్చినట్టు, కొండెక్కితే చుక్కలు వస్తాయనుకున్నాను. పైగా నేను ఎంచుకున్నది గుజరాత్ కొండ సాపుతారా. పేరు చివరనే తార ఉంది, ఇక వేరే పంచాంగం ఎందుకు అనిపించింది. ఆ పేరుకు పాముల నివాసమని అర్థమని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికే నన్ను కరవాల్సిన పాము కరిచేసింది. అది మా బావమరిది నాలుక.

మాది సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన నేత కుటుంబం. కామ్‌రేజ్ దాటాక ఒక షెడ్డులో నాకు కొన్ని సాంచాలున్నాయి. పవర్‌లూమ్‌లను మావాళ్లు అలాగే అంటారు. పగలంతా వాటి మోత విన్నాక, నోరు లేని వస్తువేదైనా చూడాలనిపిస్తుంది. చుక్కల కంటే మౌనంగా ఉండేవి నాకు దొరకలేదు. అందుకని ఒక దూరదర్శిని కొన్నాను. దూరదృష్టి ఆ పెట్టెలో రాదని తెలియడానికి కొంత కాలం పట్టింది.

ఆ ఏడు దసరా రోజుల్లో ఒక తోకచుక్క కనిపిస్తోందని వార్తలొచ్చాయి. తెల్లవారకముందు, తూర్పున, నేలకు బాగా దగ్గరగా. రోజు రోజుకీ ఇంకా కిందికి దిగి చివరికి సూర్యుడి వెలుగులో కలిసిపోతుందట. మా ఇంటికి తూర్పు అంటే ఎదురు అపార్టుమెంటు నీళ్ల ట్యాంకు. దాని వెనక హైవే దీపాల పచ్చటి మసక. ఆ ట్యాంకుకు తోక మొలిస్తే తప్ప మా డాబా మీంచి ఏమీ కనిపించదు.

ఈ మాట భోజనాల దగ్గర అంటే, మా అత్తమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. ఆవిడ మా దగ్గరే ఉంటుంది. కొడుకు, అంటే ఆ బావమరిది, ఉండేది సూరత్ అవతలి కొసన ఇచ్ఛాపూర్‌లో. అక్కడి ఫ్యాక్టరీల వాసన ఆవిడకు పడదు.

"తోకచుక్కనా? నిజంగ కనిపిస్తదా?"

"కొండ మీదికి పోతే కనిపిస్తది అత్తమ్మా."

"అయితే నన్ను తీస్కపో అల్లుడా. నాకు అది బాకీ ఉన్నది."

ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు సిరిసిల్లలో ఒక పెద్ద తోకచుక్క కనిపించిందట. వాడంతా లేచి వీధిలో నిలబడి చూశారు. ఈవిణ్ణి మాత్రం నాయనమ్మ బయటికి రానివ్వలేదు. ఆడపిల్ల తోకచుక్కను చూస్తే కళ్లు పోతాయని, గొంగడి కప్పి, అది చాలదన్నట్టు ఆ గొంగడి మీద తానే కూర్చుంది.

"ఊపిరాడక సస్తుంటి. బయట అందరు 'అగో, అగో' అని అరుస్తున్నరు. పొద్దుగాల మా దోస్తును అడిగిన, ఎట్లున్నదే అని. చీపురు లెక్క ఉన్నది అన్నది. గప్పటిసంది చీపురు పట్టుకున్నప్పుడల్లా నాకు గదే యాదికొస్తది."

ఒక జీవితకాలం పాటు ఇల్లు ఊడుస్తూ ఒక తోకచుక్కను ఊహించుకున్న మనిషి ముందు నేనేం మాట్లాడతాను? ఈ ఆదివారమే పోదాం అన్నాను.

శనివారం సాయంత్రం వాన పడి వెలిసింది. డాబా ఎక్కి చూస్తే కడిగినట్టున్న ఆకాశంలో చుక్కలు తెగ మిణుకుమంటున్నాయి. ఇంతకంటే మంచి సూచన ఏముంటుందని మురిసిపోయాను. చుక్కలు అంతగా మిణుకుమంటున్నాయంటే పైన గాలి కుదురుగా లేదని అర్థం. అది అప్పటికి నాకు తెలియదు. అవి కన్నుగీటుతూ నన్ను ఆటపట్టిస్తున్నాయని ఇప్పుడు అర్థమవుతోంది.

బావమరిది కారు తెచ్చాడు. మా ఆవిడ, పిల్లలు, అత్తమ్మ, నేను, నా దూరదర్శిని, పులిహోర. చీకటి ఉండగానే సాపుతారా శిఖరం చేరాం. అక్కడ ఆకాశం లేదు. కొండ లేదు. కాసేపటికి దూరదర్శిని కూడా కనబడలేదు. గాలి నిండా తెల్లటి తడి.

అత్తమ్మ శాలువా కప్పుకుని రోడ్డు పక్క గోడ మీద కూర్చుంది. "మబ్బు వచ్చిందంటరు. యాడున్నది అల్లుడా?"

"మనం దాన్లనే ఉన్నం అత్తమ్మా."

"గిదా! గింత దూరం ఎందుకు బిడ్డా, తడి కట్టెలు పెట్టి పొయ్యి కాడ కూసుంటే ఇంట్లనే కనిపిస్తుండె గదా."

బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. "బావా, ఆస్మాన్ చూపిస్తనంటివి. నాకు నీ మొఖం గూడ కనిపిస్తలేదు."

"గదైనా లాభమే అనుకో" అన్నాను.

తెల్లారాక వాడు మా అందరినీ వరసలో నిలబెట్టి ఫొటో తీశాడు. ఒక తెల్ల కాగితం మీద ఐదు తడి మరకలు. దాన్ని మా కుటుంబం ఫోన్ గ్రూపుకు బొమ్మగా పెట్టి, కింద 'బావ చూపించిన ఆకాశం' అని రాశాడు. నిజామాబాద్ నుంచి షోలాపూర్ దాకా ఉన్న చుట్టాలంతా చూసి తరించారు. ఆ వారం ఫోన్ మోగితే చాలు, పలకరింపు ఒకటే: "ఏం బావా, ఇయ్యాల వాతావరణం ఎట్లున్నది?"

తిరిగి వచ్చేటప్పుడు అత్తమ్మ ఒక్క మాటే అంది. "మల్ల ఎప్పుడు పోదాం?"

వచ్చే ఆదివారం దాటితే తోకచుక్క ఉండదు. అంటే ఆవిడకు మిగిలింది ఆ ఒక్క ఉదయమే. నా పరువు సంగతి సరే, అది ఎలాగూ మబ్బులో కలిసింది. కానీ ఆవిడ మీద రెండోసారి గొంగడి కప్పినవాణ్ణి నేనే కావడం నాకు నచ్చలేదు. మొండికేశాను.

ఆ వారం దొరికిందల్లా చదివాను. మేం సూరత్‌లో ఉక్కపోత అని తిట్టుకునే సముద్రపు గాలే, కొండకు తగిలి పైకెక్కి చల్లబడి మేఘంగా పదోన్నతి పొందుతుందట. ఆ గాలి వీస్తున్నన్నాళ్లూ శిఖరం మేఘం లోపలే ఉంటుంది. అది తిరిగిపోయి నేల మీంచి పొడిగాలి రావాలి. అప్పుడు రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. పొగమంచు కిందనే పేరుకుంటుంది, శిఖరం దాని పైకి తేలుతుంది. సిద్ధాంతం బాగుంది. గాలి ఎప్పుడు తిరుగుతుందో మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున అత్తమ్మ వంటింట్లోంచి విసుక్కుంటూ వచ్చింది. "ఏందో గీ చీర, ఇయ్యాల కాళ్లకు సుట్టుకుంటున్నది. నడవనిస్తలేదు."

నేను పట్టించుకోకుండా షెడ్డుకు వెళ్లాను. అక్కడ పడుగు దారాలు బుసబుసమంటూ లేచి విచ్చుకుంటున్నాయి. ముట్టుకుంటే చేతికి అతుక్కుని వదలడం లేదు. పనివాళ్లు నేల మీద నీళ్లు చల్లుతున్నారు. ఏటా ఒక రోజు ఇలా అవుతుంది. పాలిస్టర్ దారానికి పొడిగాలి తగిలితే దానిలో విద్యుత్తు పుట్టి దగ్గరున్నవాళ్ల రోమాలు లేస్తాయి, దారాలు తెగుతాయి, నేత పడిపోతుంది. ఏటా ఆ రోజును నేను తిట్టుకుంటాను. ఆ శుక్రవారం మాత్రం రోమాలు లేచిన చెయ్యి చూసుకుంటూ షెడ్డు మధ్యలో నిలబడిపోయాను. గాలి తిరిగింది. ఇన్నాళ్లూ డాబా మీద నిలబడి వెతికిన సంగతి ఏళ్ల తరబడి నా చేతికి అంటుకుంటూనే ఉంది. నేనే దులిపేసుకుంటున్నాను.

దారాలు తెగుతుంటే యజమాని నవ్వడం చూసి పనివాళ్లు నా మీద జాలిపడ్డారు.

ఇంటికొచ్చి బావమరిదికి ఫోన్ చేశాను.

"బావా, జర ఫోన్ల జూడు. వఘయి కాడ ఆదివారం పొద్దుగాల ఫాగ్ అని సాఫ్ రాసున్నది. మల్ల గదే ఖేల్ ఎందుకు?"

"వఘయి కొండ కింద ఉన్నది. మనం పోయేది పైకి."

"కింద ఏం కనిపియ్యంది, పైన ఎక్కడికెల్లి కనిపిస్తది? నీకెవరు చెప్పిండ్రు?"

"మీ అమ్మ చీర చెప్పింది."

నాకు మతి చలించిందని అక్కకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాడు కాబోలు. ఈలోగా అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "నువ్వు వస్తవా, నన్ను బస్సుకు పొమ్మంటవా?" పండక్కి కూడా అంత వేళకు రానివాడు, శనివారం మా ఇంటికొచ్చి పడుకున్నాడు.

మా ఆవిడ ఫ్లాస్కు ఇచ్చి, తాను మాత్రం పిల్లలతో ఇంట్లో ఉండి చూసే మబ్బు చాలంది. మేం ముగ్గురం బయలుదేరాం.

వఘయి దగ్గరికి వచ్చేసరికి ఫోన్ చెప్పింది అక్షరాలా నిజమైంది. కారు దీపాలు ముందున్న తెల్లగోడకు తగిలి మా ముఖాల మీదికే తిరిగొచ్చాయి. ఘాట్ రోడ్డు మొదట్లో ఒక చాయ్ దుకాణం దగ్గర బావమరిది కారు ఆపేశాడు.

"బస్. నేను ఘాట్ ఎక్క. పానం ఉంటే ఇంకో తోకచుక్క జూడొచ్చు."

ఆ మాటలో తప్పు లేదు. ఒక్కసారి ఎక్కినంత మాత్రాన ఆ మలుపులు వాడికి తెలియవు. కిందికి దిగి చూశాను. అదే తెలుపు, అదే తడి. చుక్కకు తోక ఉందో లేదో గాని, నాకున్నది ముడవడానికి సిద్ధమైంది. తిరిగి చూస్తే అత్తమ్మ శాలువా తలకు చుట్టుకుని, రోడ్డు మధ్యలోకి వెళ్లి ఒక జీపుకు చెయ్యి ఎత్తుతోంది. కొండ మీది హోటళ్లకు కూరగాయలు తీసుకెళ్లే జీపు అది.

"భాయ్, ఉపర్ లై జశో?" పైకి తీసుకెళ్తావా అని అడిగింది. ఇన్నేళ్లలో కూరల బండ్ల దగ్గర నేర్చుకున్న గుజరాతీ అది.

డ్రైవరు ఆవిణ్ణి ఎగాదిగా చూసి, పక్క సీటు మీది సంచి తీశాడు. నేను వెనక క్యాబేజీల మధ్య దూరదర్శినిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బావమరిది కిటికీలోంచి అరిచాడు. "అమ్మా, బావ మాట వట్టుకోని పోతున్నవా?"

"వాని మాట కాదురా, నా చీర మాట!"

చాలాసేపు తెలుపు తప్ప ఏమీ లేదు. జీపు తెలిసిన దారిలో మెల్లగా వాసన చూసుకుంటూ పోతున్నట్టుంది. ఇది కూడా తప్పితే ఆవిడ ముఖం ఎలా చూడాలా అనుకుంటున్నాను. ఒక మలుపు తిరిగాం. ఇంకో మలుపు. తలమీంచి ఎవరో గొంగడి లాగేసినట్టు, ఒక్కసారిగా చుక్కలు.

ముందు సీట్లోంచి అత్తమ్మ జీపు రేకు మీద దబదబా కొట్టింది. "అల్లుడా! అగో! అగో!"

శిఖరం మీద గాలి కదలడం లేదు. చుక్కలు మిణుకుమనడం లేదు. మేకులు కొట్టినట్టు నిలబడి ఉన్నాయి. కింద లోయలన్నీ పొగమంచుతో నిండి, కొండల తలలు మాత్రం తేలుతున్నాయి. ఊళ్ల దీపాలు, రోడ్డు దీపాలు, చాయ్ దుకాణం, కారు, బావమరిది అన్నీ దాని అడుగునే. నన్ను అవమానించిన మంచే ఆ పూట కింది వెలుగుల మీద మూత పెట్టి ఆకాశాన్ని ఇంకా నల్లగా చేసింది.

తూర్పున ఆ నల్లదనంలో తోకచుక్క నిలబడి ఉంది. తోక నిటారుగా పైకి, పోను పోను పలచబడుతూ.

నేను హడావిడిగా దూరదర్శిని కాళ్లు విప్పుతుంటే అత్తమ్మ నన్ను పక్కకు తోసింది. "అడ్డం తియ్యి గది. నాకు కండ్లున్నయ్."

తోకను మొదలు నుంచి కొస దాకా చూసింది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుంది. "చీపురు లెక్క లేదు. అబద్ధం చెప్పింది, దొంగది."

"మరి ఎట్లున్నది అత్తమ్మా?"

"నీ సాంచ కాడ దారం లేస్తది జూడు ఎండుగాలికి, గట్లున్నది." ఎప్పుడో పోయిన మనిషితో అంటున్నట్టు అంది. "గింత సక్కటిదాన్ని జూస్తే కండ్లు పోతయా? ఎన్నేండ్లు పోగొట్టినవే నాయనమ్మా."

తూర్పు తెల్లబడి, తోక కరిగి, చివరికి చుక్క కూడా కనబడకుండా పోయేదాకా ఆవిడ కూర్చోలేదు. కూర్చోమన్నాను. "కూసుంటే మల్ల గామె నా మీద కూసున్నట్టుంటది" అంది.

అదే జీపులో దిగొచ్చాం. కింద మంచు ఇంకా అలాగే ఉంది. కారు అద్దాలు లోపలి ఊపిరికి చెమ్మపట్టి ఉన్నాయి. చెమ్మ అంచున ఒక మూల నుంచి బావమరిది కనబడ్డాడు. సీటు వెనక్కి వాల్చి, నోరు తెరిచి, చేతిలో ఫోన్ అలాగే పట్టుకుని నిద్రపోతున్నాడు. నేను ఒక ఫొటో తీసుకున్నాను.

తలుపు చప్పుడుకి లేచాడు. "ఏమైంది? కనిపించిందా?"

"నువ్వన్నది నిజమే బామ్మర్దీ. కింద ఏం కనిపిస్తలేదు."

వాడు తృప్తిగా కారు తిప్పాడు. వెనక సీట్లో అత్తమ్మ శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. దారిలో వ్యారా దగ్గర ఫోన్ సిగ్నల్ వచ్చాక నేను గ్రూపు బొమ్మ మార్చాను. 'బావ చూపించిన ఆకాశం' పోయి, అద్దం వెనక తెరిచిన నోరు వచ్చింది. కింద ఇలా రాశాను: 'నేటి వాతావరణం. కొండ మీద నిర్మలం. కొండ కింద దట్టమైన నిద్ర, అక్కడక్కడ ఉరుములతో కూడిన గురక.'