మా అత్తగారి హస్తవాసి

మా అత్తగారు పురుళ్ళ వార్డులో నర్సుగా చేసింది. మానేసి చాలాకాలమైనా వీధిలో ఇప్పటికీ ఆవిడని సిస్టరనే పిలుస్తారు. నాకు నెలలు నిండుతున్నప్పుడు నేను కోరుకున్నది ఒక్కటే: నొప్పులొచ్చినప్పుడు ఆవిడ ఆ గదిలో, నా పక్కన ఉండాలి. ఆవిడ రానంది. ఎందుకు రానందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

భర్త పోయాక, చంకలో పిల్లాడితో ఆ ఉద్యోగంలో చేరింది. వార్డంటే ఒక పొడుగాటి గది. భుజం ఎత్తు దాకా ఆకుపచ్చ రంగు, ఆ పైన సున్నం. బల్లల మధ్య తెరలు, ఎంత కడిగినా పోని ఫినాయిల్ వాసన. అందరూ పెద్దక్క అని పిలిచే హెడ్ నర్సు డ్యూటీ మారేటప్పుడు ఒక్కో బల్ల దగ్గరా ఆగి, ఎవరిని ఎవరు చూడాలో పంచేది. కవలలు, ఎదురుకాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు పాతవాళ్ళకి. సుఖంగా అయిపోతాయనిపించినవి కొత్తవాళ్ళకి. అలా పంచడంలో తప్పేమీ లేదు. కొత్త చేతికి కష్టమైన కాన్పు ఎవరిస్తారు?

దాంతో మా అత్తగారి చేతుల్లో పడ్డ ప్రతి బిడ్డా కేరుమంది. వాళ్ళు ఎవరి చేతిలో పడ్డా కేరుమనే బిడ్డలేనని ఎవరికీ తోచలేదు. ఆ పిల్లది చల్లని చెయ్యి అని మొదట అన్నది వార్డు ఆయా. తర్వాత బయట బెంచీల మీద కూర్చునే బంధువులందరూ అన్నారు. మంచి హస్తవాసి అంటే డాక్టర్లకే చెప్పుకుంటారు, ఒక నర్సుకి అంత పేరు రావడం అక్కడ అదే మొదలు. నొప్పులు పడుతున్న కోడల్ని ఒకావిడ, ఇంకాస్త ఓర్చుకోవే, చల్లని చెయ్యి డ్యూటీకి వచ్చే వేళయింది అని బతిమాలిందట. ఆ కోడలు తిట్టిన తిట్లు వార్డంతా చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు.

మా అత్తగారు కూడా నమ్మేసింది. ఆ చేతులతో ఉల్లిపాయ కోసేది కాదు, వేడి గిన్నె దించేది కాదు. మా ఆయన చిన్నప్పుడే వంట నేర్చుకున్నది అందుకే. "మా అమ్మ చేతులకి నేను నౌకరుని" అంటాడు ఇప్పటికీ. భర్త పోయిన మనిషి, ఎవరింట్లో శుభకార్యానికీ ముందు నిలబడలేని మనిషి. అలాంటిది జనం తనకోసం ఎదురుచూస్తున్నారు. ఎందుకు నమ్మదు?

పెద్దక్క రిటైరయింది. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఈ పేరు విని, కష్టమైన కేసు వచ్చిన ప్రతిసారీ, మీ చెయ్యి మంచిదటగా, మీరే చూడండి అనడం మొదలుపెట్టింది. పొగడ్తగానే అంది పాపం. పంపకం తలకిందులైంది. వార్డులో ప్రమాదమున్న కాన్పులన్నీ ఒక్క మనిషి దగ్గరికే చేరాయి. వాటిల్లో కొన్ని ఎవరు చూసినా నిలిచేవి కావు. ఆ వానాకాలం ఒక బిడ్డ పోయింది, వెంటనే ఇంకొక బిడ్డ. తర్వాత ఒక తల్లి, రక్తం ఆగక. చెయ్యి మారింది అని మొదట అన్నది కూడా ఆ ఆయానే.

ఒకరోజు ఒక ముసలావిడ తలుపుకి అడ్డంగా నిలబడింది. కోపంగా కాదు, చేతులు జోడించి. "మా పిల్లని ముట్టుకోకు తల్లీ. నీకు పుణ్యముంటుంది." మా అత్తగారు చేతి తొడుగులు తీసేసి, దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి, సాయంత్రం దాకా మడతపెట్టినవే మళ్ళీ మడతపెట్టిందట. ఆ తర్వాత స్టోర్స్‌కి బదిలీ అడిగి తీసుకుంది. ఆఖరి దాకా దూదీ గుడ్డా లెక్కచూసే పనే.

నేను చదివింది గణాంకశాస్త్రం. ఇదంతా వినగానే విషయం తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం పుట్టబోయే బిడ్డకోసం పాత చీరలు చింపుకుంటూ ఆవిడకి చెప్పాను. ముందు మీకు సులువైనవి ఇచ్చారు, తర్వాత కష్టమైనవి ఇచ్చారు, మీ చేతులు అప్పుడూ ఇప్పుడూ ఒకటే, తప్పు పంపకంలో ఉంది అన్నాను. ఆవిడ చీర చింపడం ఆపి శ్రద్ధగా వింది. భారం దిగిపోతుందని చూస్తున్నాను.

"అయితే ఆ మంచి చెయ్యి కూడా నాది కాదన్నమాట" అంది.

"ఎవరిదీ కాదు అత్తయ్యా."

"అంత పేరూ ఊరికే వచ్చిందా?"

ఆవిడ చీర అంచు పంటితో అందుకుని మళ్ళీ చింపడం మొదలుపెట్టింది. "వద్దులేమ్మా. ఒకప్పుడు ఉండి, తర్వాత పోయిందనుకోనీ. అసలు లేదంటే నేను తట్టుకోలేను" అంది.

అయినా రమ్మని అడుగుతూనే ఉన్నాను. ఏమీ చెయ్యొద్దు, ఊరికే నిలబడండి చాలన్నాను. నొప్పులొచ్చిన రోజు ఆస్పత్రి వసారా దాకా వచ్చింది. గది గుమ్మం దగ్గర ఆగిపోయింది. తలుపు మూసేటప్పుడు చూశాను, చేతులు రెండూ చంకల్లో దాచుకుని గోడకి ఆనుకుని ఉంది.

లోపల పరిస్థితి బాగాలేదు. బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించింది, మెడకి బొడ్డుపేగు చుట్టుకుని ఉంది. బయటపడ్డాక పాప నీలంగా ఉంది, ఏడవలేదు. ఎవరో వీపు రుద్దుతున్నారు, ఇంకెవరో గొంతులోంచి ఉమ్మనీరు లాగుతున్నారు. నేను అత్తయ్యని పిలిచానట, నాకు గుర్తులేదు. ఆవిడ విందట, కదల్లేదు. తర్వాత పాప ఏడ్చింది. ఆ చుట్టు ఇంకొంచెం బిగిసి ఉంటే ఏడ్చేది కాదు. ఎందుకు బిగియలేదో ఎవరూ చెప్పలేరు.

గదిలోకి రానిచ్చాక ఆవిడ నా కాళ్ళ దగ్గర నిలబడింది. ముఖం తేటగా ఉంది, అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు. "చూశావా, నేను లోపలికి రాలేదు" అంది. ఒక్క కాన్పుతో ఏదీ రుజువు కాదని చెప్పబోయాను. "నాకిది చాలు" అంది.

ఆవిడ లోపలికొచ్చి, పాప బతికి ఉంటే ఏమనుకునేదో. వచ్చి, పాప పోయి ఉంటే? ఆ రెండో ప్రశ్న దగ్గర నా లెక్కలు ఆగిపోతాయి. పాపకి జ్వరమొచ్చినప్పుడల్లా ఊపిరి చూస్తూ కూర్చునే మనిషిని నేను. అప్పుడు ఆవిడ ఎదురుగోడ దగ్గర నిలబడి, తల ఇలా ఎత్తు, చెంచా పక్కనుంచి పెట్టు అని చెబుతుంది. తడబాటే ఉండదు. మీరే పట్టుకోండి అత్తయ్యా అంటే వినబడనట్టే ఉంటుంది.

ఇప్పుడు పాప పాకుతోంది. ఇంట్లో అందరికంటే ఆవిడంటేనే ఇష్టం, గది దాటుకుని ఆవిడ మంచం దగ్గరికే పోతుంది. పాప దగ్గరికొచ్చేసరికి మా అత్తగారు కాళ్ళు రెండూ పైకి తీసుకుని, గోడవైపు జరిగి కూర్చుంటుంది.