బర్రె తన్నితే దెబ్బ కాదట

నా చిన్నప్పుడు లాల్‌దర్వాజాలో మా ఇల్లు సగం ఇల్లు, సగం బర్రెల కొట్టం. అప్పటి సంగతి ఒకటి తలచుకుంటే మావాళ్ళ మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాలు పోసే ఇళ్ళకు కళ్ళు మూసుకుని వెళ్ళగల మా తాతయ్య ఉన్నట్టుండి దారి తప్పడం మొదలుపెట్టాడు. ఎడమ కాలు ఈడ్చేవాడు. మాట్లాడుతూనే కునుకు తీసేవాడు. వయసు మీద పడిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు. మిరపకాయలు దిగదుడుస్తూనే వారం గడిపేశారు! చివరికి ఒక పొద్దున ఎంత లేపినా లేవకపోతే అప్పుడు ఆసుపత్రికి ఆటో పిలిచారు. నేనూ వాళ్ళతో ఎక్కాను.

తలకు దెబ్బేమైనా తగిలిందా అని డాక్టరు అడిగాడు. నాన్న లేదన్నాడు. బాబాయి లేదన్నాడు. నాయనమ్మ అయితే ఒట్టే వేసింది. అయితే పక్షవాతమై ఉంటుందని, స్కానింగు దగ్గర చాలామంది ఉన్నారు కాబట్టి రేపు తీద్దామని ఆయన వెళ్ళిపోయాడు.

అక్కడే నర్సుగా పనిచేసే మా పక్కింటి అక్క నాయనమ్మ పక్కన కూర్చుంది. "నాయనమ్మా, ఈ నడుమ తాతను బర్రె గిట్ల తన్నిందా?"

"ఎందుకు తన్నలే! కొత్త బర్రె తన్నితే పోయి గుంజకు తల కొట్టుకున్నడు. ఇరవై రోజులాయె."

"మరి డాక్టర్ సాబ్ అడిగితే లేదంటిరి?"

"బర్రె తన్నితే గది దెబ్బెట్లయితది బిడ్డా? రోజూ తన్నుతనే ఉంటయి."

అక్క నెత్తి పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. బర్రె తన్నిన రోజు దూడను పట్టుకుని నేనూ కొట్టంలోనే ఉన్నాను. అది దెబ్బని నాకూ తోచలేదు.

స్కానింగు వెంటనే తీశారు. ఆ సాయంత్రమే పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి, లోపల పేరుకుపోయిన పాత రక్తాన్ని తీసేశారు. ఇంకో పూట ఆగితే మనిషి దక్కేవాడు కాదట. రెండో రోజుకే తాతయ్య కళ్ళు తెరిచి, పాలు ఎవరు పోస్తున్నారని లొల్లి మొదలుపెట్టాడు.

ఇప్పుడు నాకూ వయసు మీద పడుతోంది. ఇంట్లో ఎవరైనా తలనొప్పి అంటే చాలు, గుమ్మం తగిలిందా, బస్సులో కడ్డీ తగిలిందా, పిల్లాడు బంతి విసిరాడా అని ఒక్కొక్కటే అడుగుతాను. ప్రాణం తీస్తున్నావని విసుక్కుంటారు. విసుక్కోనీ. డాక్టరు అడిగినప్పుడు అన్నీ చూసి కూడా నోరు విప్పని ఆ తొమ్మిదేళ్ళ పిల్ల మీద నాకు పడే విసుగు ముందు, వీళ్ళ విసుగు ఎంత?