కారం లేని దూడ మాంసం

మా ఆయన నోటికి రేడియేషన్ ఇప్పించాక నాకు పొయ్యి వెలిగించాలంటేనే భయం పట్టుకుంది. ఏం వండినా ఆయనకు మంటే. పెరుగన్నం కూడా పుండ్లకు తగిలి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. బరువు ఇంకా తగ్గితే తర్వాతి మందు ఎక్కించలేమని డాక్టరమ్మ చెప్పింది.

ఒకరోజు జావ గ్లాసు పక్కన పెట్టి, "దూడ మాంసం తినబుద్దయితాందే" అన్నాడు.

పెద్దకూర మా ఇంట్లో కొత్త కాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మాకు అదే వంట. కానీ ఆయన అడుగుతున్నది వేరు. వయసులో ఉన్నప్పుడు కువైట్‌లో ఒక ఇటలీ హోటల్ వంటింట్లో పనిచేశాడు. లేత దూడ మాంసాన్ని చెక్క సుత్తితో పలుచగా కొట్టడం ఆయన పని. దానికి పిండి అద్ది, వెన్నలో అటూ ఇటూ తిప్పితే అయిపోయేదట.

"మిరపకాయ వాసన గూడ తగలదు. నాలుక మీద పెడితే జారిపోతది" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆయన్ని తీసుకుని బయలుదేరాను.

ముందు కండ్లకోయలో కాలేజీ పిల్లలు తినే ఇటలీ హోటల్‌కు వెళ్ళాము. యాభై దాటాక చర్చిలో సాయంత్రాలు కూర్చుని తెలుగు చదవడం నేర్చుకున్నాను. ఇంగ్లీషులో మాత్రం పెద్ద అక్షరాలే గుర్తుపడతాను. ఏ అక్షరాలు వెతకాలో ఆయన ముందే చెప్పి ఉంచాడు. మెనూ మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోతే ఒకచోట దొరికాయి. ఆయనకు చూపించాను.

"అది పేరుకే ఉందమ్మా. ఎవ్వరు అడగరు. చికెన్ పెట్టి చేస్తం" అన్నాడు వడ్డించేవాడు.

వచ్చిన చికెన్ మీద పచ్చిమిరప ముక్కలున్నాయి. ఆయన పళ్ళెం నా వైపు జరిపాడు.

మేడ్చల్ రోడ్డు మీద ఇంకో హోటల్లో దూడదేనని ఒట్టేసి మరీ పెట్టారు. ఆయన ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి, కాగితంలోకి తీసేశాడు.

"గీ దూడకు మనుమలు గూడ ఉండి ఉంటరు."

నవ్వబోయి పెదవి పట్టుకున్నాడు. అది పగిలి రక్తం వచ్చింది.

చివరికి శామీర్‌పేట చెరువు దగ్గరి పెద్ద హోటల్‌కు వెళ్ళాము. "నోట్ల పుండ్లున్నయి, కారం వద్దు" అని నేను ముందే చెప్పాను. పళ్ళెం వచ్చింది. ఆయన చెంచా అంచుతో మాంసాన్ని నొక్కి చూశాడు. అది తేలిగ్గా తెగింది.

"గిదే" అన్నాడు. అంత హుషారుగా ఆయన మాట విని చాలా రోజులైంది.

నోట్లో పెట్టుకున్నాడు. మరుక్షణం బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

నేను వంటాయన్ని పిలిపించాను. "కారం వద్దంటి గద అన్నా?"

"పైన ఏం చల్లలేదక్కా. పొద్దుగాలనే మసాలా పట్టించి పెడ్తం. సప్పగుంటే మనోళ్ళు పళ్ళెం వాపస్ పంపుతరు."

"వట్టిది ఒక్క ముక్కన్న లేదా?"

"అన్నీ పట్టించినయే."

వంటాయన్ని ఏమనగలను. మనోళ్ళంటే నేనూ ఉన్నాను కదా.

మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి లాక్కున్నాను. చంటిపిల్లలకు కూర ముక్కలు కడిగి పెడతామే, అట్లా ఒక్కో ముక్కా గ్లాసులో ముంచి బొటనవేలితో రుద్దాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. పక్క బల్ల వాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు.

"జల్దీ కడుగు, ఆకలైతాంది" అన్నాడు మా ఆయన, నన్ను ఉడికించడానికి.

నోరు తెరిచాడు. పెట్టాను. మింగాడు. ఇంకొకటి పెట్టాను.

"ఎట్లుంది?"

"నీళ్ళ లెక్క" అన్నాడు. మూడో ముక్కకు తల తిప్పుకున్నాడు. ఆ వెన్న, ఆ రుచి అన్నీ గ్లాసులోనే మిగిలాయి.

తర్వాత ఆసుపత్రిలో బరువు చూశారు. ఇంకా తగ్గింది. మందు ఎక్కించకుండానే పంపించారు. బలం వచ్చాక రమ్మన్నారు. ఆ బలం ఎక్కడి నుంచి తెచ్చేది.

బస్సులో మేడ్చల్ దాకా వచ్చాము. దిగేటప్పుడు నా భుజం పట్టుకుని, మెట్టు మీద ఒక్క క్షణం ఆగాడు.

"శామీర్‌పేటోడు మాంసం మంచిగ కొట్టిండే" అన్నాడు.